మడత దగ్గరే చిరుగు: ఒక పాల ప్లాంటులో తడి పని ఏప్రాన్ల కేస్ స్టడీ

నేపథ్యం

విజయవాడ శివార్లలోని ఒక మధ్యతరహా పాల ప్లాంటు కేసు ఇది. ప్లాంటును గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాం. కొలతలు, రసాయనాల గాఢతలు, ఒక్కో నిర్ణయానికి కారణాలు మాత్రం ఉంచాం. ఇదే చిక్కు రొయ్యల షెడ్లలో, నూలు అద్దకం దగ్గర, హోటళ్ల గిన్నెలు కడిగే గదుల్లో కూడా కనిపిస్తుంది కాబట్టి పాలతో సంబంధం లేనివాళ్లకూ పనికొస్తుంది.

ఈ ప్లాంటులో తడి పని నాలుగు చోట్ల జరుగుతుంది. ఒకటి, క్రేట్లు కడిగే చోటు. ఏజెంట్ల దగ్గర్నుంచి తిరిగొచ్చిన ఖాళీ క్రేట్లను చైన్ కన్వేయర్ మీద పెడితే అవి టన్నెల్ వాషర్‌లోకి వెళ్తాయి. లోపల 55 నుంచి 60 డిగ్రీల వేడితో తక్కువ గాఢత క్షార డిటర్జెంటు నీళ్లు చిమ్ముతాయి. మొండి మురికి ఉన్న క్రేట్లను ముందే తొట్టిలో ముంచి బ్రష్షుతో రుద్దుతారు. ఇక్కడ పనిచేసేది దాదాపు అందరూ ఆడవాళ్లే. రెండోది సీఐపీ గది, అంటే ట్యాంకులు, పైపులు విప్పకుండానే లోపల కడిగే విభాగం. ఇక్కడ 1.5 నుంచి 2 శాతం కాస్టిక్ సోడా 75 డిగ్రీల దగ్గర, 1 నుంచి 1.5 శాతం నైట్రిక్ ఆమ్లం 60 డిగ్రీల దగ్గర తిరుగుతాయి. వీటిని కలపడానికి 48 శాతం కాస్టిక్ లై, 60 శాతం పైబడిన నైట్రిక్ క్యాన్లలో వస్తాయి. మూడోది వెన్న, నెయ్యి విభాగం. నాలుగోది 4 డిగ్రీల కోల్డ్ రూమ్, దాని ముందున్న కడుగుడు అరుగు.

ఈ నాలుగు చోట్లకీ స్టోర్స్ ఇచ్చేది ఒకటే ఏప్రాన్: 36×48 అంగుళాల పీవీసీ షీటు, మెడకు ఒక తాడు, నడుముకు రెండు తాళ్లు, ముందు ఒక జేబు.

వచ్చిన సమస్య

ప్లాంటు అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఏప్రాన్లు మూడు నెలలు కూడా ఆగడం లేదు, గట్టి క్వాలిటీ ఎక్కడ దొరుకుతుంది?" దాని వెనకాల మరో మూడు సంగతులున్నాయి. క్రేట్ల దగ్గర ఆడవాళ్లకు పొట్ట మీద, కుడి తొడ మీద దద్దుర్లు. గమ్‌బూట్లలో రోజూ నీళ్లు చేరి కాలివేళ్ల మధ్య చర్మం తెల్లగా నాని ఊడడం. అన్నిటికంటే ముఖ్యమైనది, సీఐపీ హెల్పర్ ఒకతనికి బూటు లోపల పిక్క మీద కాస్టిక్ కాలిన గాయం.

కాస్టిక్ గాయం సంగతి కొంచెం ఆగి చెప్పాలి. యాసిడ్ పడితే వెంటనే మండుతుంది, మనిషి నీళ్ల దగ్గరికి పరిగెడతాడు. కాస్టిక్ చర్మంలోని కొవ్వును సబ్బుగా మారుస్తుంది. మొదట జారుడుగా, సబ్బు నీళ్లలా అనిపిస్తుందే గానీ నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది. అదే బూటులోకి దిగితే, తడి సాక్సుతో కలిసి అక్కడే ఉండిపోతుంది. ఇతను షిఫ్టు అయిపోయి బూటు తీసేదాకా గాయం ఉన్నట్టే గుర్తించలేదు. పాడైపోయిన ఏప్రాన్ వల్ల జరిగిందా అంటే, కాదు. ఆ రోజు వేసుకున్నది కొత్తదే, ఒక్క చిల్లు కూడా లేదు.

కొత్త ఏప్రాన్ ఉండి కూడా గాయమైందంటే, క్వాలిటీ ప్రశ్న పక్కన పెట్టి నీళ్లు ఏ దారిన పోతున్నాయో చూడాలి.

అంతకుముందు ప్లాంటు చేసి చూసినవి

మొదట మందం పెంచారు: 0.35 మి.మీ. నుంచి 0.5 మి.మీ.కి. చిరుగులు తగ్గకపోగా తొందరగా వచ్చాయి. ఇందులో వింతేమీ లేదు. షీటును మడిచినప్పుడు మడత బయటి ముఖం సాగుతుంది. షీటు ఎంత మందమైతే, అదే మడతకు ఆ సాగుడు అంత ఎక్కువ. పైగా బరువు. 0.5 మి.మీ. పీవీసీ చదరపు మీటరుకు సుమారు 650 గ్రాములు. 91×122 సెం.మీ. ఏప్రాన్ అంటే 700 గ్రాములు దాటుతుంది, అదంతా ఒక్క మెడ తాడు మీద. రెండు గంటలు గడిచేసరికి మెడ పట్టేస్తుంది, మనుషులు దాన్ని తీసి రెయిలింగ్ మీద వేస్తారు.

తర్వాత నల్ల రబ్బరు పూత ఏప్రాన్లు తెచ్చారు. ఐఎస్ 4501 అనే భారతీయ ప్రమాణం ప్రకారం చేసినవి, ఆమ్లాలకీ క్షారాలకీ తట్టుకునే రకం. వస్తువు మంచిదే. కానీ వెన్న గదిలో సహజ రబ్బరు కొవ్వును పీల్చుకుని ఉబ్బి, జిడ్డుగా మెత్తబడింది. క్రేట్ల మీద నల్ల మరకలు పడుతున్నాయని క్వాలిటీ వాళ్లు అభ్యంతరం చెప్పారు. ప్రమాణం గుర్తు ఉందంటే ఆ పదార్థం ఆ పరీక్షలు నెగ్గిందని అర్థం, అంతే. మీ నేల మీద, మీ మనిషి ఎత్తుకు, మీ కొవ్వుకు అది సరిపోతుందని ఏ గుర్తూ చెప్పదు.

వాడి పారేసే పల్చటి పాలిథీన్ ఏప్రాన్లూ వచ్చాయి. ఫ్యాను గాలికి ఎగిరి కన్వేయర్ చైన్ వైపు పోతున్నాయని సూపర్‌వైజరే ఆపించాడు. మంచి పని చేశాడు. చివరికి ఏప్రాన్ లేకుండా కనిపిస్తే జరిమానా అన్నారు. దాంతో అందరూ వేసుకున్నారు, నడుము దగ్గర చుట్టి.

నీటి దారి కనుక్కోవడం

ఏ పదార్థం కొనాలో ఆలోచించే ముందు తడి ఎక్కడ అవుతోందో, అది చెమటో డిటర్జెంటు నీళ్లో తేల్చాలి. ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేదు, పసుపు చాలు. పసుపు క్షారం తగిలితే ఎర్రబారుతుంది. చెమటకు పసుపుగానే ఉంటుంది. పసుపు పొడిని స్పిరిట్‌లో కలిపి, వడగట్టి, ఆ ద్రవంలో ఫిల్టర్ కాగితం ముంచి నీడలో ఆరబెట్టి, రెండు వేళ్ల వెడల్పు ముక్కలుగా కత్తిరించాలి. మార్కెట్ పసుపులో కొన్నిసార్లు వేరే రంగు కలిసి ఉంటుంది కాబట్టి ఒక ముక్కను ముందుగా డిటర్జెంటు నీళ్లలో ముంచి ఎర్రబడుతోందో లేదో చూసుకోవాలి. స్పిరిట్ పొయ్యి దగ్గర వద్దని వేరే చెప్పక్కర్లేదు.

ఈ ముక్కల్ని క్రేట్లు కడిగేవాళ్ల బట్టల మీద, ఏప్రాన్ లోపల, ఏడు చోట్ల పిన్నీసులతో పెట్టారు: రొమ్ము మీద, పొట్ట, రెండు తుంట్ల పక్కన, రెండు తొడల ముందు, నడుము వెనక. రెండు బూట్ల పైఅంచుల లోపల ఒక్కోటి. అరగంట మామూలు పని. తర్వాత విప్పి చూస్తే పరిస్థితి వేరుగా ఉంది.

పొట్ట మీది ముక్క తడిసి ముద్దయింది, కానీ పసుపు రంగులోనే ఉంది. అంటే అది చెమట. నీళ్లు ఏప్రాన్ దాటి రావడమే లేదు; గాలి ఆడక లోపలి తడి బయటికి పోవడం లేదు. కుడి తుంటి ముక్క ఎర్రగా మారింది. ఎడమ చేతి వైపు తొట్టి నుంచి క్రేటు తీసి కుడి వైపు కన్వేయర్ మీద పెట్టడానికి నడుము తిప్పినప్పుడు ఏప్రాన్ పక్క అంచు తెరుచుకుంటోంది, కారుతున్న క్రేటు సరిగ్గా ఆ ఖాళీ మీదుగా వెళ్తోంది. బూట్లలో ముక్కలు రెండూ ఎరుపే.

బూట్లలోకి ఎలా వెళ్తోందో క్రేట్ల దగ్గర ఒకామెను అడిగితే జవాబు క్షణంలో వచ్చింది. "పొడుగు ఎక్కువ సార్, నేల మీద ఈడుస్తది. కాలికింద పడితే బోర్లా పడతాం. అందుకే మడిచి కట్టుకుంటాం."

లెక్క వేస్తే ఆమె మాటే నిజం. 150 సెం.మీ. ఎత్తున్న మనిషికి మెడ గుంట కింద ఏప్రాన్ పైఅంచు నేల నుంచి సుమారు 120 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. ఏప్రాన్ పొడవు 122. కింది అంచు నేలకు తాకుతుంది. దాన్ని నడుము దగ్గర 40 సెం.మీ. మేర మడిచి పైన తాడు బిగిస్తే కింది అంచు 38 సెం.మీ. ఎత్తుకు చేరుతుంది. ఆమె బూటు ఎత్తు 32. ఏప్రాన్ మీది నీళ్లు జారి జారి, ఆరు సెంటీమీటర్ల గాలిలో పడి, తిన్నగా బూటు నోట్లోకి. చూరు నీళ్ల కింద బిందె పెట్టినట్టే.

మిగతా చిక్కులన్నీ ఈ మడతలోంచే పుట్టాయి. మడత ఒక గాడిలా నీళ్లు పట్టి ఉంచుతుంది, వంగినప్పుడు ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. రోజూ అదే చోట మడత పడుతుంది కాబట్టి షీటు అక్కడే అలిసిపోతుంది. చిరిగిన పాత ఏప్రాన్లు స్టోర్స్ మూలలో కుప్పగా ఉంటే పరిచి చూశారు. క్రేట్ల విభాగం నుంచి వచ్చినవాటిలో చిరుగు దాదాపు అన్నిటికీ నడుము గీత మీదే. కొందరు మడత గోల లేకుండా కత్తెరతో మోకాలి దాకా కోసేసుకున్నారు. వాటికి చిరుగు లేదు, బూట్లు మాత్రం నిండుతున్నాయి.

సీఐపీ హెల్పర్ సంగతి వేరే. అతను పొడగరి, 122 సెం.మీ. అతనికి సరిపోతుంది. కానీ ట్యాంకు మూత దాకా నిచ్చెన ఎక్కాలి. ఎక్కేటప్పుడు అడ్డం రాకుండా కింది కొస ఒకటి ఎత్తి నడుము తాడులో దోపుకున్నాడు, దిగాక తీయలేదు. ప్యాంటు కాళ్లు బూట్లలోకి దోపి ఉన్నాయి. పంపు దగ్గర యూనియన్ (రెండు పైపుల్ని కలిపే జాయింటు) విప్పినప్పుడు పైపులో మిగిలిన కాస్టిక్ ఏప్రాన్ మీద చిమ్మి, ఆ వాలు వెంట బూటులోకి దిగింది. ప్యాంటు బూటు మీదకు ఉండి ఉంటే బయటికి కారేది.

కొలతలు ముందు, పదార్థం తర్వాత

ఇక్కడ ప్లాంటు మేనేజ్‌మెంటుతో కొంత వాదన నడిచింది. ఒకే సైజు కొంటే స్టాకు చూడ్డం తేలిక, మూడు సైజులంటే తలనొప్పి అని స్టోర్స్ వాదన. అయితే నడుము గీత మీద చిరిగిన కుప్పే అందుకు సమాధానం.

నియమం ఇది: కింది అంచు బూటు పైఅంచు కంటే 10 నుంచి 15 సెం.మీ. కిందికి రావాలి, చీలమండ దాటకూడదు. అంటే మెడ గుంట కింద నుంచి నేల దాకా కొలిచి, అందులోంచి 20 తీసేయాలి. 150 సెం.మీ. మనిషికి 100 వస్తుంది, 170 సెం.మీ. మనిషికి 115 పైన. ఈ ప్లాంటుకు 95, 105, 118 సెం.మీ. అనే మూడు పొడవులు సరిపోయాయి. కొలిచేటప్పుడు బూట్లు వేసుకునే ఉండాలి. వంగి, మెట్టు ఎక్కి కూడా చూడాలి. నిలబడినప్పుడు సరిగ్గా ఉన్న ఏప్రాన్ వంగితే ముందుకు ఊగి బూటును వదిలేస్తుంది. అందుకే ఆ 10 సెంటీమీటర్ల అదనం.

వెడల్పు క్రేట్ల దగ్గర 90 నుంచి 100కి పెంచారు, కుడి తుంటి కోసం. అంతకంటే ముందు తొట్టినీ కన్వేయర్‌నీ దగ్గరికి జరిపి, మధ్యలో వాలుగా ఒక స్టీలు రేకు పెట్టారు. కారే నీళ్లు తిరిగి తొట్టిలోకే పోతాయి. నా లెక్కలో ఈ రేకు చేసిన మేలు ఏ ఏప్రానూ చేయలేదు. తడి తగ్గించే పని ముందు చేసి, మిగిలిన తడికే ఏప్రాన్ కొనాలి.

మెడ తాడు తీసేసి వీపు మీద అడ్డంగా కలిసే పట్టీలు పెట్టించారు, బరువు భుజాలకు పంచడానికి. నడుము తాళ్ల స్థానంలో వెనక ప్లాస్టిక్ బకిల్; గట్టిగా లాగితే ఊడిపోయే రకం. కన్వేయర్ చైన్ దగ్గర వేలాడే తాడు కొసలు ఉండకూడదు. బకిల్ ఊడుతుందిలే అని చైన్‌కు గార్డు లేకుండా నడపడం మాత్రం కుదరదు. ఇక్కడ డ్రైవ్ వైపు గార్డు విప్పి పక్కన పెట్టి ఉంది, అది ముందు బిగించారు. జేబు వద్దు. జేబులో నీళ్లు నిలుస్తాయి, పెన్నూ సెల్‌ఫోనూ చేరతాయి, అవి ఎప్పుడో ఒకప్పుడు క్రేటులో పడతాయి. తాడు దూర్చే ఇత్తడి రింగులు కూడా వద్దు. చిలుము పట్టి ఊడితే ఆహార ప్లాంటులో అదో లోహపు ముక్క.

పదార్థం తేల్చిన పద్ధతి

పీవీసీ స్వతహాగా గట్టి ప్లాస్టిక్. మెత్తబరిచే నూనెలాంటి పదార్థం కలిపితేనే షీటు వంగుతుంది. కొవ్వు ఆ మెత్తదనాన్ని మెల్లగా బయటికి లాగేస్తుంది, షీటు అప్పడంలా బిరుసెక్కుతుంది. చలికి ఇంకా బిరుసు. వెన్న గదిలోనూ కోల్డ్ రూమ్ దగ్గరా పీవీసీ ఎందుకు పగులుతోందో ఈ ఒక్క సంగతి చెబుతుంది.

కంపెనీల చార్టులు చదవడం అవసరమే, కానీ గాఢత, వేడి రెండూ చూడాలి. "నైట్రిక్: మంచిది" అని ఉంటే ఎంత శాతానికి, ఎన్ని డిగ్రీలకు అని అడగాలి. ఆ తర్వాత ప్లాంటు ల్యాబులోనే పరీక్ష. పాల ల్యాబులో ఆమ్లత్వం చూసే ఫినాల్ఫ్తలీన్ ఎటూ ఉంటుంది; క్షారం తగిలితే అది గులాబీ రంగుకు మారుతుంది. వెడల్పు మూతి శాంపిల్ సీసాలో 2 శాతం కాస్టిక్ పోసి, మూతికి ఏప్రాన్ ముక్కను పూత వైపు లోపలికి ఉండేలా బిగించి, సీసాను బోర్లించాలి. కింద ఫినాల్ఫ్తలీన్ చుక్కలు వేసి ఆరబెట్టి, కొంచెం నీళ్లతో తడిపిన ఫిల్టర్ కాగితం. గులాబీ చుక్క కనిపిస్తే అక్కడ సూది బెజ్జం ఉన్నట్టు. ఘాటు కాస్టిక్‌లో ఆ గులాబీ రంగు కాసేపటికి వెలిసిపోతుంది కాబట్టి పొద్దున పెట్టి సాయంత్రం చూస్తే లాభం లేదు. మొదటి గంటలో పది పదిహేను నిమిషాలకోసారి చూడాలి. ఈ పరీక్షకు గాగుల్స్, చేతి తొడుగులు తప్పనిసరి, సీసా ట్రేలో ఉండాలి.

కొవ్వుకు వేరే పరీక్ష. 5×5 సెం.మీ. ముక్కల్ని ల్యాబు త్రాసులో తూచి, 45 డిగ్రీల నెయ్యిలో ఒక రోజు ఉంచి, శుభ్రంగా తుడిచి, చల్లారాక మళ్లీ తూచి పెన్సిలు చుట్టూ వంచాలి. పీవీసీ ముక్క బరువు తగ్గి బిరుసెక్కింది. సహజ రబ్బరు బరువు పెరిగి ఉబ్బింది. నైట్రైల్ (నూనెకు తట్టుకునే కృత్రిమ రబ్బరు), టీపీయూ (రబ్బరులా సాగే పాలీయురెథేన్ ప్లాస్టిక్) పెద్దగా మారలేదు. గుడ్డ మీద పూత ఉన్న రకాల్లో ఒక మోసం ఉంది: కోసిన అంచు గుండా గుడ్డ దారాలు నూనెను పీల్చుకుని బరువు పెంచుతాయి, తప్పు పూతదేమో అనిపిస్తుంది. అంచుల్ని కరిగిన మైనంలో ముంచుదామంటే నెయ్యిలో మైనం నిలవదు. అలాంటి రకాలను సీసా మూతి పద్ధతిలోనే చూడాలి.

చివరికి ఒక్కో చోటుకు ఒక్కోటి తేలింది.

క్రేట్ల దగ్గర 0.3 మి.మీ. టీపీయూ, నీలం రంగు. 95×100 కొలతకు బరువు దాదాపు 340 గ్రాములు, పాతదాంట్లో సగం. మెత్తగా ఉంటుంది, చలికి బిరుసెక్కదు. టీపీయూలో ఈస్టర్ రకం, ఈథర్ రకం అని రెండున్నాయి. వేడి నీళ్లకు, క్షారానికి ఈస్టర్ రకం నెలల్లో విడివడి జిగురుగా అవుతుంది. అందుకని ఈథర్ రకమేనని కొనుగోలు పత్రంలో రాయించారు. కోల్డ్ రూమ్ అరుగు దగ్గర కూడా ఇదే.

వెన్న గదిలో నైట్రైల్ పూత ఉన్న గుడ్డ, తెల్లది. నెయ్యి బాయిలర్ దగ్గర మాత్రం ఇది చాలదు. అక్కడ 110 నుంచి 120 డిగ్రీల నెయ్యి. పల్చటి ప్లాస్టిక్ ఏదైనా మెత్తబడి ఒంటికి అతుక్కునే ప్రమాదం. ఆ చోటుకు మందమైన నియోప్రీన్ (మరో కృత్రిమ రబ్బరు) పూత గుడ్డ ఏప్రాన్, లోపల నిండు చేతుల నూలు చొక్కా. దాంతోపాటు కలిపే చోట చిమ్మకుండా మూత.

సీఐపీ గదిలో మొదట క్రేట్ల టీపీయూనే ఇచ్చి చూశారు, ఒకే స్టాకు ఉంటుందన్న ఆశతో. వేడి కాస్టిక్‌కు, నైట్రిక్‌కు అది కొన్ని వారాల్లోనే పసుపెక్కి జిగటపడింది. నైట్రైల్ కాస్టిక్‌కు బాగుంటుంది గానీ ఘాటు నైట్రిక్ దాన్ని కాల్చేస్తుంది. రెండు రసాయనాలూ ఉన్న గదికి ఒక్క ఏప్రాన్ వెతకడం దగ్గరే ఆలోచన మారింది. పైపు విప్పే పనిలో చిమ్ముడు ఏ వైపు నుంచైనా రావచ్చు, ఒత్తిడితో రావచ్చు. ముందు భాగం మాత్రమే కప్పే ఏప్రాన్ ఆ పనికి సరైన వస్తువే కాదు. అక్కడికి మందమైన పీవీసీ కోటు, ప్యాంటు. ప్యాంటు బూట్ల మీదకు. గాగుల్స్, వాటి మీద ఫేస్ షీల్డ్. క్యాన్ల నుంచి ట్యాంకుకు పోయడానికి నేల మీద చిన్న డోసింగ్ పంపు పెట్టాక నిచ్చెన ఎక్కే పనే పోయింది. యూనియన్ విప్పే ముందు డ్రెయిన్ వాల్వు తెరిచి, నీళ్లతో తోసి, పీహెచ్ కాగితంతో చూడాలి. ఏప్రాన్ మిగిలింది పీహెచ్ చూసే, శాంపిల్ తీసే చిన్న పనులకు.

ఏప్రాన్ కింద, ఏప్రాన్ పక్కన

క్రేట్ల దగ్గర చాలామంది చీర మీద మగవాళ్ల చొక్కా వేసుకుని పనిచేస్తారు. లంగా అంచు బూటులోకి దిగి ఉంటే అది ఒత్తిలా పనిచేస్తుంది: బూటులోని నీళ్లను మోకాలి దాకా పైకి లాగుతుంది, పైన తడిసిన చీరను బూటులోకి దించుతుంది. ఏప్రాన్ ఎంత మంచిదైనా ఈ దారి మూసుకోదు. ప్యాంటు, చొక్కా యూనిఫాం అంటే పెద్దవాళ్లు ససేమిరా అన్నారు. బలవంతం చేయకుండా చుడీదార్ ప్యాంటుతో పొట్టి కుర్తా అనే వీలు ఇచ్చి, తలుపు గడియ పడే బట్టలు మార్చుకునే గది, ఒక్కొక్కరికీ తాళం ఉన్న అర ఇచ్చారు. గది వచ్చాక మెల్లగా ఎక్కువమంది మారారు. నిజానికి అడ్డం బట్టలు కాదు, మార్చుకునే చోటు లేకపోవడం. మారనివాళ్లు చీర కుచ్చిళ్లు మోకాలి కిందికి రాకుండా దోపి కట్టుకుంటున్నారు.

చేతి తొడుగులకూ ఇదే నీటి లెక్క. చేతులు కిందికి ఉండే పనిలో చొక్కా చెయ్యి తొడుగు మీదకు రావాలి. క్రేటు పైకెత్తి బ్రష్షుతో రుద్దే పనిలో నీళ్లు మోచేతి వైపు పారతాయి కాబట్టి తొడుగు అంచును బయటికి తిప్పి మడవాలి. ఆ మడతలో నీళ్లు ఆగుతాయి. ఏప్రాన్‌కు పనికిరాని మడత తొడుగుకు పనికొస్తుంది.

ఇక ఉక్క. రోహిణి కార్తెలో బయట 45 డిగ్రీలు, లోపల వేడి నీళ్ల ఆవిరి. పొట్ట మీద దద్దుర్లు చెమటవే అని పసుపు కాగితం చెప్పింది కదా, దానికి మందం పెంచడం అగ్నికి ఆజ్యం పోసినట్టు. వీపు తెరిచి ఉండే ఏప్రాన్ కావాలి, ఫ్యాను మనిషి వెనక నుంచి వీయాలి. ముందు నుంచి వీస్తే తుంపర్లు ముఖాన కొడతాయి, వీపుకు గాలి తగలదు. ప్రతి విరామంలో ఏప్రాన్ పూర్తిగా విప్పాలి, నడుము దగ్గర వదులు చేసి కూర్చుంటే చాలదు. మంచినీళ్లు పని దగ్గరే ఉండాలి.

ఆరబెట్టడం, చూసుకోవడం

పాత ఏప్రాన్లు సగం చచ్చింది మేకుల మీద, ఆవిరి పైపు మీద. మేకు దగ్గర చిరుగుతుంది, ఆవిరి పైపు మీద పీవీసీ మెత్తబడి ఆరాక బిరుసెక్కుతుంది, ఎండలో వేసినా అంతే. ఇప్పుడు గోడకు రెండంగుళాల ప్లాస్టిక్ పైపు ముక్కలు అడ్డంగా బిగించి, వాటి మీద వేస్తున్నారు. రెండు ముఖాలకూ గాలి తగలాలి, ఒకదాని మీద ఒకటి పడకూడదు.

షిఫ్టు అయ్యాక కడిగే వరుస ఇది: ఏప్రాన్ ఒంటి మీద ఉండగానే పై నుంచి కిందికి నీళ్లు, బూట్ల మీద కూడా; తర్వాత బకిల్ ఊడదీసి, బయటి ముఖం ఒంటికి తగలకుండా ముందుకు వంచి తీయాలి; గోడ మీద పరిచి తేలికపాటి డిటర్జెంటుతో స్పాంజి, గరుకు బ్రష్షు వద్దు; మంచి నీళ్లు; 100 నుంచి 200 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) క్లోరిన్ నీళ్లు చల్లి, ఆగి, మళ్లీ మంచి నీళ్లు. క్లోరిన్ ఎక్కువైతే శుభ్రత పెరగదు, పట్టీల కుట్టు దారం ముందు పోతుంది. చేతి తొడుగులు చివర. టాయిలెట్‌కీ టిఫిన్‌కీ ఏప్రాన్‌తో వెళ్లకూడదన్నది ఆహార ప్లాంటులో వేరే చర్చ అక్కర్లేని విషయం.

వారానికోసారి ట్యూబ్‌లైట్ ముందు పట్టుకుని బెజ్జాలు చూస్తారు, లేదా మధ్యలో గుంటలా పట్టి రెండు మగ్గుల నీళ్లు పోసి కింద తడి వస్తుందేమో ఐదు నిమిషాలు చూస్తారు. వంచితే తెల్ల గీత పడినా, జిగటగా ఉన్నా, ఉబ్బినా, పట్టీ మొదట్లో కుట్టు విడినా పక్కన పడేయాలి. అతుకులు పెట్టకూడదు. అతుకు అంచు కింద పాల మడ్డి చేరి వాసన పడుతుంది.

కొనుగోలు పత్రంలో ఇప్పుడు "ఏప్రాన్, మంచి క్వాలిటీ" అని ఉండదు. పదార్థం, పొడవు, వెడల్పు, మందం, పట్టీ రకం, రంగు, జేబు లేదు, లోహం లేదు, ఏ రసాయనం ఎంత గాఢతలో ఎంత వేడితో తగులుతుంది అన్నవి ఉంటాయి. ప్రతి కొత్త లాటు నుంచి ఒకటి కోసి సీసా మూతి పరీక్ష చేశాకే బిల్లు పాస్ అవుతుంది.

ఇంకా తేలనివి

క్రేట్ల దగ్గర నడుము గీత చిరుగులు ఆగాయి; ఇప్పుడు పాతబడేవి పట్టీ మొదళ్ల దగ్గర అరుగుతున్నాయి. తర్వాతి లాటులో అక్కడ రెండో పొర వెల్డింగ్ అడిగారు. బూట్లలో పసుపు ముక్కలు నెలకోసారి పెట్టి చూస్తున్నారు, ఎక్కువసార్లు పసుపుగానే వస్తున్నాయి. ఎరుపు వచ్చిన రెండు మూడు సార్లూ కారణం ఒకటే: రాత్రి షిఫ్టులో 95 సెం.మీ.వి అయిపోయి పొడవాటివి తీసుకుని మళ్లీ మడిచారు. చిన్న సైజు ఎంతమందికి కావాలో తెలిసినా స్టోర్స్ మూడు సైజులనూ సమానంగానే తెప్పిస్తోంది.

లారీల అరుగు మీద క్రేట్లు దింపే మగవాళ్ల సంగతి ముట్టుకోలేదు. వాళ్ల తడి భుజం మీద, వీపు మీద. క్రేట్లు భుజాన వేసుకుని మోస్తారు, పగిలిన ప్యాకెట్ల పాలు వెనకాల కారతాయి. ముందు కట్టే ఏప్రాన్ వాళ్లకు దండగ. రోలర్ కన్వేయర్ లారీ దాకా పొడిగించే అంచనా వేయించమని చెప్పారు, అది ఇంకా కాగితం మీదే ఉంది.